గోడకంటిన మైత్రి

సముద్రానికి అవతల ఒక సామ్రాజ్యం ఉండేది. పేరు చెప్పను. చెబితే అది నొచ్చుకుంటుంది, చెప్పకపోయినా మీకు తెలిసిపోతుంది. ఆ సామ్రాజ్యానికి ఇవతలి ఒడ్డున ఉన్న కొరియా రాజ్యం మీద ప్రేమ పుట్టింది. పెద్ద దేశానికి ప్రేమ పుడితే చిన్న దేశం తలుపు గడియ వేసుకోవాలన్న ఇంగితం అప్పటికింకా లోకంలో పాకలేదు. కొరియా రాజుగారు మొహమాటపడి ఊరుకున్నారు.

ప్రేమించినవాడు ముందు ఉత్తరం రాస్తాడు. సామ్రాజ్యం ఏకంగా పత్రిక పెట్టేసింది. సియోల్ నగరంలో, సామ్రాజ్యం ఖర్చుతో, కొరియా భాషలో. పేరు ‘మైత్రీ ప్రభ’. సంపాదకుడు కురాతా గారు అవతలి ఒడ్డు నుంచి ఓడ దిగినవాడు. ఆయనకు కొరియా భాష రాదు. వినేవాడి ఊసు పట్టనివాడికి వినేవాడి భాషతో పనేముంది గనక! ఆయన రాసినదాన్ని ప్యోన్ అనే స్థానిక దుబాసీ తర్జుమా చేసేవాడు. ప్యోన్‌ది తాతముత్తాతల నాటి నుంచీ దుబాసీల వంశం. దొర ఏమన్నాడో చెప్పడం కాదు, ఏమన్నాడని చెబితే అందరం ప్రాణాలతో ఇళ్ళకు పోతామో అది చెప్పాలి అన్నది వాళ్ళింటి సంప్రదాయం.

మైత్రీ ప్రభకు వెల లేదు. తెల్లారేసరికి ఇంటింటి గుమ్మంలోనూ ఉచితంగా వచ్చి పడేది. అందులోని విషయం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. కాగితం మాత్రం మహా దిట్టంగా ఉండేది.

నగరపు తూర్పు కోట గుమ్మం బయట సమ్‌వొల్ అనే ముసలమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. సమ్‌వొల్ అంటే మూడో నెల. ఆ నెలలో పుట్టింది, ఇంతకంటే మంచి పేరు వెతికే తీరిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఆవిడ మొగుడి పేరు తోల్సే. ఆ పేరులో రాయీ ఉంది, ఇనుమూ ఉంది. మనిషిలో మాత్రం దగ్గు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ దగ్గు మొదలైతే భోజనానికి వచ్చిన బాటసారులు చెంచాలు కింద పెట్టి, అది అయ్యేదాకా ఆగి, మళ్ళీ తినేవారు.

వైద్యుడొచ్చి నాడి చూశాడు.

“దీనికి నా దగ్గర మందు లేదమ్మా. గది వెచ్చగా ఉంటే చలికాలం గట్టెక్కుతాడు. గాలి దూరిందా, గట్టెక్కడు” అని చెప్పి, ఒక గిన్నెడు పులుసు తాగి వెళ్ళిపోయాడు.

ఆ దేశంలో ఇల్లంటే సగం కాగితమే. తలుపులకు కాగితం, కిటికీలకు కాగితం, గోడలకు కాగితం, నేల మీద నూనె పట్టించిన కాగితం. వంటపొయ్యి వేడి నేల కింది సొరంగాల్లోంచి పోతూ గదిని వెచ్చబెడుతుంది. ఆ వెచ్చదనం పారిపోకుండా పట్టి ఉంచేది గోడ మీది కాగితం. ఏటా చలికి ముందు కొత్త కాగితం అంటించుకోవడం వాళ్ళ ఆనవాయితీ. కానీ మంచి కాగితం కొనాలంటే మాటలా? సమ్‌వొల్ గదికి ఉన్నది మట్టిగోడ. దాని నిండా వేలు పట్టేంత బీటలు.

సరిగ్గా ఆ రోజుల్లో గుమ్మంలో మైత్రీ ప్రభ వచ్చి పడింది. సమ్‌వొల్‌కి చదువు రాదు. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది, గోటితో గీకింది, చివర తడిపి లాగింది. చిరగలేదు.

“ఏమయ్యా, వీళ్ళెవరో గానీ మనసున్నవాళ్ళు” అంది మొగుడితో.

“చదువుకోమనిచ్చార్టే” అన్నాడు తోల్సే.

“చదువుకునేవాళ్ళ ఇళ్ళకి గోడలుండవా ఏంటి?” అని, వెళ్ళి అంటించడానికి పొయ్యి మీద గంజి పడేసింది.

ఆవిడొక్కతే కాదు, నగరమంతా అదే పని చేసింది. పత్రిక పంచేవాడిని దారి కాసి “మా అత్తగారిది కూడా ఇచ్చెయ్, ఆవిడ వేరే కాపురం” అని అబద్ధాలాడి మరీ పుచ్చుకున్నారు. ఆకులు రాలే కాలానికి మైత్రీ ప్రభ అచ్చొత్తినది అచ్చొత్తినట్టే మాయమైపోతోంది. కురాతా గారు పొంగిపోయి సామ్రాజ్యానికి నివేదిక పంపారు: “శీతకాలము సమీపించుకొలది ఈ జాతికి మన అభిప్రాయములయెడ దాహము మిక్కుటమగుచున్నది.” దున్నపోతు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నారు పైవాళ్ళు. ప్రతులు రెట్టింపు చేశారు.

అందరికంటే ఎక్కువ పత్రికలు పుచ్చుకునే ఇల్లేదని కురాతా గారు వాకబు చేస్తే, తూర్పు గుమ్మం పూటకూళ్ళ ఇల్లని తేలింది. ఆ మహా పాఠకులను కళ్ళారా చూడాలని ఆయన బయల్దేరారు. వెంట ప్యోన్. ఇంకా సలహాదారు గారు. సామ్రాజ్యం కొరియా రాజుకు ఒక సలహాదారును అరువిచ్చింది లెండి. రాజు అడక్కుండానే సలహా ఇచ్చేవాడు. రాజు వినకపోతే సిపాయిలను వెంటబెట్టుకొచ్చి మళ్ళీ అదే సలహా ఇచ్చేవాడు.

ముగ్గురూ గదిలోకి తొంగిచూసి నిలబడిపోయారు. నాలుగు గోడలూ, పైకప్పూ, తలుపు రెక్కలూ అంతా మైత్రీ ప్రభే. మూల పడుకుని తోల్సే. ఊడబెరికి పట్టుకుపోతారేమో, ఈ చలిలో ఆయనేమైపోతాడో అన్నదే సమ్‌వొల్ భయం.

కురాతా గారి ముఖం ఎర్రబడింది. “నా సంపాదకీయము! గోడకు! అదియును తలక్రిందులుగా!”

చదువురాని మనిషికి ఏది తలో ఏది కాళ్ళో ఎలా తెలుస్తుంది? ప్యోన్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తాతముత్తాతలను తలచుకున్నాడు.

“ప్రభూ, ఆ వృద్ధుడు రోగి. శయనించియే పఠించును. వారి తల అటు, కాళ్ళు ఇటు. వారి దృష్టికి తలక్రిందులుగా నున్నది మనము” అన్నాడు.

అందరూ తోల్సే వైపు చూశారు. తోల్సే హడలిపోయి గోడకేసి చూస్తూ తలాడించాడు. అంతలో దగ్గు తెర వచ్చింది.

“చూచితిరా, చదువుచు ఎట్లు చలించిపోవుచున్నాడో!” అన్నాడు ప్యోన్.

సలహాదారు గారికి కళ్ళు చెమర్చాయి. “ఇతర దేశములందు జనులు పత్రికను చదివి పారవేయుదురు. ఈ ధన్యజీవులు మన అభిప్రాయములలో కాపురము చేయుచున్నారు!” అని అక్కడే చతికిలబడి పులుసు తెమ్మన్నారు. సమ్‌వొల్‌కి ఊపిరి తిరిగింది. గిన్నె నిండా పోసి, పైన ఉల్లికాడలు కూడా చల్లింది.

ఆ పులుసే కొంప ముంచింది. తినేటప్పుడు మనిషి ఎదురుగా ఉన్న గోడనే చూస్తాడు. ఆ రెండు దేశాలకూ కొన్ని అక్షరాలు ఉమ్మడి గనక పెద్ద శీర్షికలు సలహాదారు గారికీ అర్థమవుతాయి. ఎదుటి గోడ మీద, ఆయన ముక్కుకు ఎదురుగా, ‘ఈ రాజ్యపు సైన్యము జోలికి మేమెన్నడును పోము’ అని ఉంది. ఆ ఉదయమే ఆయన రాజుగారి సైన్యంలో సగాన్ని ఇంటికి పంపి వచ్చారు.

చెంచా గాల్లో ఆగిపోయింది.

“ఇది ఎప్పటి సంచిక?”

“నిరుటిది. నిరుడది నిజమే” అన్నారు కురాతా గారు.

“గోడలకు చెవులుండునని వినియుంటిమి. నోళ్ళు కూడ మొలిచినవా! ఈ నగరమందలి ప్రతి గోడయు మనము నిరుడన్న మాటను మన మొగముమీదనే అనుచున్నదన్నమాట!”

చించేద్దామంటే పత్రికకు అవమానమని కురాతా గారు ఒప్పుకోలేదు. అలాగే వదిలేద్దామంటే సలహాదారు గారు ఒప్పుకోలేదు. ఇద్దరు పెద్దమనుషులకు రాజీ కుదిరితే మూడోవాడికి మూడిందన్నమాటే. మర్నాడు ‘పాత నిజముల నియంత్రణ నిబంధన’ వెలువడింది: “ఏ గోడమీదనైనను నేటి నిజము మాత్రమే కనబడవలెను. నిన్నటి నిజమును నేటి నిజముతో ప్రతిదినము కప్పవలెను. గృహస్థు నిరక్షరాస్యుడైనచో సదరు గోడయే బాధ్యత వహింపవలెను.”

ఇక చూడండి నగరం సంబరం. తెల్లారగానే ఇంటింటా గంజి కాయడం, పత్రిక అంటించడం, తనిఖీదారు వచ్చి తేదీ చూసి తలూపడం. పిండి ధర ఆకాశానికి ఎగబాకింది. మనుషులకు తాగడానికి గంజి లేదు గానీ గోడలు మాత్రం మూడు పూటలా తాగుతున్నాయి. అచ్చుయంత్రం మొరాయించి పత్రిక ఆలస్యమైన రోజున చిక్కొచ్చిపడింది. నిన్నటి నిజానికి గడువు చెల్లింది, ఇవాళ్టిది ఇంకా రాలేదు. అప్పుడేం చెయ్యాలి? ‘కొత్త సంచిక చేరువరకు ప్రజలెవ్వరును గోడలవైపు చూడరాదు’ అని దండోరా వేశారు. మధ్యాహ్నందాకా నగరమంతా తలవంచుకుని నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఆ పూట వచ్చిన విదేశీ అతిథి ఎవరో ఈ జాతికి ఎంత వినయమో అని పుస్తకంలో రాసుకున్నాడట.

రోజుకొక పొర చొప్పున గోడలు లావెక్కాయి. గదులు చిక్కిపోయాయి. సమ్‌వొల్ పక్కింటి వాళ్ళ బట్టల పెట్టె గోడలో కలిసిపోయి, పండక్కి కొత్త బట్టలు కట్టుకోవాలంటే సంపాదకీయాలు తవ్వుకోవాల్సిన గతి పట్టింది. తవ్వితే పాత నిజం బయటపడుతుంది, అది నేరం. పాపం, వాళ్ళు పాత బట్టల్తోనే పండగ చేసుకున్నారు. ఒక తనిఖీదారు అయితే లోపలికి మామూలుగా వెళ్ళి, ఇంట్లోవాళ్ళు పెట్టిన భోజనం చేసి, బయటికి రావడానికి పక్కవాటుగా తిరగాల్సొచ్చింది.

తమాషా ఏమిటంటే, తోల్సేకి దగ్గు తగ్గిపోయింది. అంత దళసరి గోడలోంచి గాలి కాదు కదా పక్కింటి తగాదా కూడా దూరడం లేదు. గది గర్భాలయంలా వెచ్చగా ఉంది. ముసలాయన లేచి కూర్చుని, పొరుగువాళ్ళతో పందేలు కాసి, అడిగి మరీ కల్లు తాగుతున్నాడు.

“నీ మనసున్నవాళ్ళు ఇవాళ ఏం రాశారే?” అనేవాడు పెళ్ళాంతో.

“ఏదైతేనేం, మందంగా రాశారు” అనేది సమ్‌వొల్, చీపురుతో కాగితాన్ని సాపు చేస్తూ.

నగరంలో మైత్రీ ప్రభను మనస్ఫూర్తిగా ప్రేమించిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడకి చదువు రాదు మరి.

అలా చలికాలాలు గడిచాయి. ఒక వేసవి చివర మైత్రీ ప్రభ బారెడు అక్షరాలతో వచ్చింది. కొరియా రాజ్యమనేది ఇక లేదనీ, ప్రజలు బతిమాలుకోగా సామ్రాజ్యం దయతలచి దాన్ని తనలో కలుపుకున్నదనీ, రాజుగారు ఆనందంతో మాట రాక ఊరుకున్నారనీ అందులో ఉంది. ఆ మర్నాటి సంచికే ఆఖరిది. “లక్ష్యము నెరవేరినది. పత్రిక నిలిపివేయబడినది.” ఏరు దాటాక తెప్ప తగలేయడం లోకంలో ఉన్నదే. దేశమే చేతికొచ్చాక ఇంకా ప్రేమలేఖలు ఎవడు రాస్తాడు? సలహాదారు గారు సలహాలు మానేసి పాలనాధికారి అయ్యారు. కురాతా గారు పతకం కోసం కొలతలిచ్చి కూర్చున్నారు. ఆఖరి సంచిక శాశ్వత నిజంగా గోడల మీద ఉండిపోయింది.

కానీ గంజి పలచబడింది. అంటే, పిండి కొనలేక ఆఖరి నెలల్లో సమ్‌వొల్ గంజిలో నీళ్ళెక్కువ పోసింది. ఆ ఏడు చలి ముందే విరుచుకుపడింది. ఒక మధ్యాహ్నం ఆవిడ పొయ్యి బాగా ఎగదోసింది. గోడ పటపటమంది. పై పొరలన్నీ ఒక్క చెక్కలా లేచి తోల్సే దుప్పటి మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన తనిఖీదారు కంటికి, లోపలి పొర మీద, ‘ఈ దేశమును మేము కలుపుకొందుమనుట శత్రువులు పుట్టించిన వదంతి’ అన్న వాక్యం కనబడింది. ఆయన వచ్చిన దారినే పరుగు తీశాడు.

పొద్దు వాలకముందే పాలనాధికారి గారు, కురాతా గారు, ప్యోన్, సిపాయిలు వచ్చేశారు. గోడను అడుగు దాకా ఒలవాలని ఆజ్ఞ. ఒక్కొక్క పొరలో ఏముందో బిగ్గరగా చదవాలని ప్యోన్‌కి ఆజ్ఞ.

“దొరా, గోడ జోలికి పోకండి. గాలి కొడితే మా ఆయన బతకడు” అని సమ్‌వొల్ అడ్డంపడింది. సిపాయి ఆవిణ్ణి పక్కకు నెట్టాడు.

ప్యోన్ చదవడం మొదలుపెట్టాడు. అంతా ఒకప్పుడు తన చేత్తో తర్జుమా చేసినదే.

“రాజు సింహాసనము భద్రము.” చించారు. “సైన్యమును తగ్గించితిమి గాని సైన్యమున్నది.” చించారు. “సైన్యము జోలికి పోము.” చించారు. “సలహాదారు సలహా మాత్రమే ఇచ్చును.” చించారు. “మా సిపాయిలు దారినపోవుచు విశ్రమించుటకై దిగినారు, రేపో మాపో పోవుదురు.” చించారు. గోడ పలచబడేకొద్దీ దేశం తిరిగి వస్తోంది. సింహాసనం, సైన్యం, కోశాగారం అన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి వస్తున్నాయి. ఇక ఒక్క పొర మిగిలింది. మొట్టమొదటి సంచిక.

“ఈ దేశము ఈ దేశ ప్రజలది. ఎన్నటికిని వారిదే. ఇది మా మాట.”

ప్యోన్ చదివి తల దించుకున్నాడు. సిపాయి ఆ పొర కూడా చింపాడు. కింద మట్టిగోడ, బీటలు. బీటల్లోంచి గాలి రయ్యిమంది. ఏళ్ళ తర్వాత తోల్సేకి మళ్ళీ దగ్గు మొదలైంది.

“ఆ ఆఖర్న చదివింది బాగుంది బాబూ” అంది సమ్‌వొల్ ప్యోన్‌తో. “అన్నాళ్ళూ దాన్నే పైన ఉంచితే పోయేదిగా?”

నాకిక్కడ నవ్వు రాలేదు. ప్యోన్‌కీ రాలేదు. అతను దాన్ని తర్జుమా చెయ్యలేదు.

పాలనాధికారి గారు విచారణ అక్కడే నడిపించారు. “ఇది ఘోరమైన రాజద్రోహము. దీని రచయిత ఎవడు?”

“నేనే” అన్నారు కురాతా గారు.

“అబద్ధము వ్రాసితిరా?”

“అబద్ధమెన్నడును వ్రాయలేదు. ఇది కాలము చెల్లిన నిజము.”

అవతలి ఒడ్డువాళ్ళ మీద ఇవతల నేరం మోపకూడదని చట్టం. చదువురాని ముసలమ్మ మీద మోపడానికి నిబంధన ఒప్పుకోదు. బాధ్యత గోడది, గోడకు చర్మం ఒలిచేయడం అయిపోయింది. మిగిలింది కాగితం. “సదరు పాత నిజములను ఇప్పుడే, ఇచ్చటనే, మా సమక్షమున దహింపవలెను” అని తీర్పు వచ్చింది. ఆ ఇంట్లో దహించడానికి చోటంటే వంటపొయ్యి ఒక్కటే.

సమ్‌వొల్ కళ్ళు తుడుచుకుంటూ కట్టలు కట్టలుగా పొయ్యిలోకి తోసింది. ఏళ్ళ తరబడి గంజి తాగి ఎండిన కాగితం. ఎంత బాగా మండుతుందో చెప్పాలా! మంట నేల కింది సొరంగాల్లోకి చొరబడి పోయింది. కాసేపటికి నేల వెచ్చబడింది, ఇంకాసేపటికి కాళ్ళకు హాయిగా కాక తగిలింది. బూట్లు విప్పి మంచులో తడిసిన కాళ్ళతో నిలబడ్డ పెద్దమనుషులు ఒక్కొక్కరే కూలబడ్డారు. తోల్సే దగ్గు సన్నగిల్లి ఆగిపోయింది.

“ఆహా!” అన్నారు పాలనాధికారి గారు అరికాళ్ళు నేలకు ఆనించి. “చూచితివా వృద్ధురాలా? పత్రిక నిలిచిపోయినను మా మైత్రియందలి వెచ్చదనమెట్టిదో!”

ప్యోన్ చెప్పింది విని, ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పింది.

“అవును దొరా. మీ మాట, కాలుస్తుంటేనే వెచ్చగా ఉంది.”

“ఏమనుచున్నది?” అన్నారు పాలనాధికారి గారు.

ప్యోన్ బీటలు చూశాడు. దుప్పట్లో ముడుచుకున్న ముసలాయన్ని చూశాడు.

“ఇంకనున్నచో పంపుడని వేడుకొనుచున్నది ప్రభూ.”

పాలనాధికారి గారు కరిగిపోయారు. నగరమంతా ఒలవాల్సిన గోడలున్నాయి, పత్రికా కార్యాలయపు కొట్టాల నిండా పాత సంచికలున్నాయి. నడిబజారులో కాలిస్తే జనం గుమిగూడి చదువుతారని ఆయనకు నిద్రపట్టడం లేదు. ఇక్కడైతే ఊరికి బయట, చదువురాని చేతులు, పైగా కోరి అడుగుతున్నారు. మర్నాడే ఆ పూటకూళ్ళ ఇంటిని ‘పాత నిజముల దహన కేంద్రము’గా ప్రకటించారు. సర్కారు బళ్ళు బారులు తీరి కట్టలు దింపడం మొదలుపెట్టాయి.

ఆ చలికాలమంతా ఆ పొయ్యి ఆరలేదు. బీటల్లోంచి గాలి వస్తే రానీ, ఆ నేల మీద పడుకున్నవాడికి అదేం చేస్తుంది? తోల్సే గట్టెక్కాడు. గోడలు పోగొట్టుకున్న ఇళ్ళ నుంచి ముసలీ ముతకా, బాలింతలూ తరలివచ్చి ఆ గదిలో సర్దుకుని పడుకున్నారు. వాళ్ళూ గట్టెక్కారు. నదిలో మంచు కరిగి పడవలు తిరిగే వేళకు కూడా పెరట్లో కట్టలింకా కొండలా మిగిలే ఉన్నాయి. అన్ని మాటలిచ్చి ఉన్నారు మరి.